మేడం సాక్ష్యం, నా తెలుగు

మా కాలేజీలో గురువారం సాయంత్రాలు ప్రార్థన గుంపులు కూడేవి. ఆరేడుగురు అమ్మాయిలకు ఒక లెక్చరర్ చొప్పున పంచి, తరగతి గదుల్లో బెంచీలు పక్కకు జరిపి, కింద గుండ్రంగా కూర్చోబెట్టేవారు. హాస్టల్లో ఉండేవాళ్లందరూ రావాల్సిందే. మాది ఉప్పాడ, చేపలవేట ఇల్లు, మేం మొక్కే దేవుళ్లు వేరు. అయినా నాకు ఆ గుంపు ఇష్టంగానే ఉండేది. రాజమండ్రి వచ్చాక నన్ను కూర్చోబెట్టి నీకేం బాధ ఉందమ్మా అని అడిగిన చోటు అదొక్కటే. అదే నా కొంప ముంచింది.

మా గుంపుకు పెద్ద ఇంగ్లీషు మేడం. పాట అయ్యాక ఒకరి చేతులు ఒకరం పట్టుకుని తలా ఒక ప్రార్థన అంశం చెప్పాలి. పరీక్షలనో, అమ్మమ్మ మోకాళ్లనో చెప్పి అందరూ తేలిగ్గా బయటపడేవారు. "ఇక్కడ చెప్పుకున్నది ఈ గది దాటదమ్మా" అని మేడం ప్రతి వారమూ అనేది. అనేవారు అని రాయాలని నాకు తెలుసు. రాయను.

రెండో సంవత్సరంలో ఒక గురువారం నేను నోరు విప్పాను. వేట నిషేధం రోజుల్లో నాన్న చవక మందు కోసం యానాం వెళ్తాడని, తాగి రెండు మూడు రోజులకు గాని ఇల్లు చేరడని, ఒకసారి బస్టాండులో పడి ఉంటే అమ్మా నేనూ వెళ్లి ఆటోలో వేసుకుని తెచ్చుకున్నామని చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పని మాట అది. చెప్పి ఏడ్చాను. మేడం నా తల నిమిరింది.

పది రోజులు తిరక్కుండానే హాస్టల్ వార్డెన్ నన్ను మెట్ల దగ్గర ఆపింది. "మీ నాన్నగారి తాగుడు మానాలని ఉపవాసం ఉంటున్నానమ్మా" అంది. మర్నాడు మెస్సులో వంటావిడ సాంబారు పోస్తూ, "యానాం అంత దగ్గరుండటం మీ ఖర్మమ్మా" అని జాలిపడింది. వరుసలో నా వెనక ఉన్నవాళ్లు పళ్లేలు పట్టుకుని వింటున్నారు.

తిన్నగా మేడం గదికి వెళ్లి అడిగాను.

"నేనెవరికీ చెప్పలేదే" అంది. "ప్రార్థన చేయమని అందించానంతే."

ఆ 'అందించాను' అన్న మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత గురువారాలు అందరితోపాటు నేనూ కళ్లు మూసుకునేదాన్ని. ఈవిడకు నలుగురిలో తలవంపులు రావాలి, అది నా చేతుల మీదుగానే జరగాలి అని కోరుకునేదాన్ని. ఆ గుంపులో నేను మనసారా చేసిన ప్రార్థన అదొక్కటే.

అవకాశం ఆవిడే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏటా ఒక ఆదివారం తల్లిదండ్రులను పిలిచి, కాలేజీ చాపెల్లో ఆరాధన జరిపి, భోజనాలు పెట్టేవారు. ఆ ఏడు చెన్నై నుంచి కాలేజీని నడిపే కమిటీవాళ్లు కూడా వచ్చారు. వాళ్లకు తెలుగు రాదు, మా అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదు. అందుకని మేడం ఇంగ్లీషులో సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేళ్లు, చెబితే, ఆవిడ పక్కన ఇంకో మైకు ముందు నిలబడి ఒక్కో వాక్యాన్నీ నేను తెలుగు చేయాలి. ఆ పని నాకు నేర్పింది కూడా ఆవిడే. "నేను 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. 'ఆమె అంటున్నారు' అనకూడదు. నా తెలుగు నోరు నువ్వే" అని చెప్పేది.

నాన్న మా కాలేజీకి రావడం అదే మొదలు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు. కూతురు మైకు ముందు నిలబడిందని మురిసిపోతున్నాడు.

పది నిమిషాలు సాఫీగా సాగింది. అప్పుడు మేడం గొంతు తగ్గించి ఇంగ్లీషులో అంది: నా గుంపులో ఉప్పాడ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది, వాళ్ల నాన్న యానాం వెళ్లి తాగి పడిపోతాడు, ఆ సంగతి ఏడుస్తూ నాకు చెప్పుకుంది. అని, నా తెలుగు కోసం ఆగింది. కాలేజీ మొత్తానికి ఉప్పాడ పిల్లను నేనొక్కదాన్నే. నాన్న వచ్చాడని ఆవిడకు తెలియకపోవచ్చు. తెలిసినా ఆగేది కాదని నా నమ్మకం.

నాన్న నా నోటి వంకే చూస్తున్నాడు.

"నా గుంపులో ఒక అమ్మాయి ఉంది" అన్నాను. "ఇంట్లో బాధ ఒకటి ఏడుస్తూ నాకు చెప్పుకుంది."

ఆ కన్నీళ్లను నేను మరిచిపోలేను అంది మేడం ఇంగ్లీషులో.

"ఇది ఈ గది దాటదని ఆ పిల్లకు మాటిచ్చాను" అన్నాను తెలుగులో. "ఆ మాట తప్పాను."

మేడం మెడ నా వైపు తిరిగింది. నేను తిరగలేదు. ఆవిడ ప్రార్థనకున్న శక్తి గురించి తడబడుతూ ఇంకో వాక్యం అంది.

"వార్డెనుగారికి చెప్పాను. వంటావిడకు చెప్పాను. ప్రార్థన పేరు పెట్టి అందరికీ చాటాను. ఆ పిల్లను మీ అందరి ముందు క్షమాపణ అడుగుతున్నాను."

చెన్నైవాళ్లు తలలూపుతున్నారు. వెనక వరుసల్లో మా అమ్మాయిలు ఊపిరి బిగబట్టారు. నన్ను ఆపాలంటే నేనేమన్నానో ఆవిడ ఇంగ్లీషులో చెప్పాలి. అబద్ధమని అనడానికీ లేదు, ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కక్కలేక మింగలేక నిలబడింది. తల్లులంతా స్తోత్రం, స్తోత్రం అన్నారు.

బయటికి రాగానే వాళ్లు ఆవిడ చేతులు పట్టుకుని, "తప్పు ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలండి" అన్నారు. ఆవిడ ఏడ్చింది. పశ్చాత్తాపమనుకున్నారు. నేను మాత్రం భోజనాల దగ్గర కూర మళ్లీ వేయించుకుని తిన్నాను. అంత హాయిగా అంతకుముందెప్పుడూ తినలేదు.

సోమవారం పిలిపించింది. టీసీ చేతిలో పెడుతుందనుకున్నాను. తల ఎత్తకుండా, "నన్ను క్షమిస్తావా అమ్మా?" అంది.

"పర్లేదండి" అన్నాను. గెలిచాను కదా, ఆ మాట నోటికి బరువనిపించలేదు.

ఆఖరి సంవత్సరం మళ్లీ ఆ ఆదివారం దగ్గర పడింది. ఇంటికి వెళ్లినప్పుడు నాన్నను రమ్మన్నాను. వల బాగుచేసుకుంటూ, "నేను రానులే, అమ్మని తీసుకెళ్లు" అన్నాడు. ఎందుకని పట్టుబట్టాను.

"మీ మేడం ఇంగ్లీషులో ఉప్పాడ అంది, యానాం అంది" అన్నాడు చివరికి. "ఊరి పేర్లు ఏ బాసలోనైనా అయ్యే గదమ్మా. నువ్వేమో తెలుగులో ఆ రెండూ సెప్పకుండా దాటేశావు. ఎవరి గురించో అక్కడే తెలిసిపోయింది."

వలకు ఇంకో ముడి వేసి మళ్లీ అన్నాడు.

"నాకు వినపడింది మిగతావోళ్లకి వినపడదా? భోజనాలకాడ పక్కాయన ఏ ఊరండి అనడిగాడు. కాకినాడండి అని సెప్పాను."

నాన్న ఉప్పాడ దాటి ఎక్కడికెళ్లినా ముందు ఊరి పేరు చెప్పి తర్వాత తన పేరు చెప్పేవాడు. ఆ వల పక్కన కూర్చునే నా 'పర్లేదండి'ని వెనక్కి తీసుకున్నాను. మేడం రిటైరై రాజమండ్రిలోనే ఉందని విన్నాను. నేను క్షమించేశాననే ఆవిడ ఈరోజుకీ అనుకుంటూ ఉండాలి. కాదని తెలియాలనే ఇది రాస్తున్నాను.