సొరంగానికి అవతలి మంచు

మా ఆయనకు బండి అంటే పిచ్చి. పామర్రులో చదువుకునే రోజుల్లో వాళ్ళ నాన్నగారి మోటారు సైకిలు చెప్పకుండా తీసుకెళ్ళి పంటకాలవలో పడ్డారట. ఆ తర్వాత ఎన్ని బళ్ళు మార్చారో ఆయనకే గుర్తు లేదు. యాభై దాటాక స్నో స్కూటరు మీదికి మనసు పోయింది. దానికి చక్రాలుండవు. ముందు రెండు బద్దలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా, మంచు మీద రివ్వున పోతుంది. ఫోనులో ఆ వీడియోలు చూస్తూ కంచంలో అన్నం చల్లార్చేవారు.

"ఒక్కసారి నడిపితే చాలు. ఇంకేం అడగను," అన్నారు.

"ఈ మాట కారు కొన్నప్పుడు కూడా అన్నారు," అన్నాను.

పామర్రులో ఉండి వ్యవసాయం చూసుకునే మా వదినగారు, అంటే ఆయన అక్క, ఈ సంగతి విని తానూ బయల్దేరారు. "ఫ్రిజ్జులో ఐసు తప్ప నేనేం చూశాన్రా? మంచు ముట్టుకుని వస్తాను," అన్నారు. నేను స్కూల్లో హిందీ టీచర్ని కాబట్టి నేను లేకుండా వాళ్ళిద్దరూ ఢిల్లీ దాటలేరు. అలా మనాలి ప్రయాణం ఖాయమైంది. విమానం వద్దు, రైలైతే దారి పొడుగునా ఊళ్ళు చూడొచ్చు అన్నాను. ఎందుకన్నానో ఎవరూ అడగలేదు.

కారణం మా గుణదల అపార్టుమెంటులో ఉంది. కొన్నేళ్ళ కిందట మేరీమాత తిరునాళ్ళప్పుడు కూరగాయల సంచీతో లిఫ్టెక్కాను. రెండంతస్తుల మధ్య ఉండగా కరెంటు పోయింది. వాచ్‌మన్ తిరునాళ్ళకు వెళ్ళాడు. లిఫ్టు బాగుచేసే మనిషి బయల్దేరాడు గానీ రోడ్డు నిండా జనం, అతని బండి కదల్లేదు. బయట జనరేటరు మీద మైకుల్లో పాటలు వినబడుతూనే ఉన్నాయి. నేను తలుపు బాదుతున్న చప్పుడు ఆ పాటల్లో కలిసిపోయింది. ఆ చీకట్లో సంచీలోని కొత్తిమీర వాసన తప్ప మరో గాలి లేదనిపించింది. చివరికి తలుపు తెరిచారు. నవ్వుతూనే బయటికి వచ్చాను, సాయంత్రం వంట కూడా చేశాను. మర్నాడు పొద్దున లిఫ్టు ముందు నిలబడితే కాళ్ళు కదల్లేదు. ఆ రోజు నుంచి మెట్లే. షుగరు రాకుండా అని అందరికీ చెప్పాను, నమ్మారు. బ్యాంకులో లోపలి గది, స్కానింగు సెంటరు, కిటికీ లేని బాత్రూము, ఒక్కొక్కటీ తప్పించుకుంటూ బతకడం అలవాటైపోయింది. ఇంట్లో ఎవరికీ తెలియకుండానే నా ఊరు చిన్నదైపోయింది.

ఆ ఏడు చలి ముఖం చాటేసింది. పుష్యమాసంలో కూడా ఫ్యాను ఆపలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర స్వెట్టర్లు కొంటుంటే కొట్టతను, "ఈసారి ఇవి అడిగింది మీరేనండీ," అని నవ్వాడు. అక్కడ మాత్రం మంచు ఉంటుందని మా ఆయన ధీమా.

రైలు దిగి, రాత్రి బస్సులో నిద్రపోయి, మనాలిలో దిగేసరికి మంచి ఎండ. కొండలు మా ఇంద్రకీలాద్రికి మల్లే ఎండి రాళ్ళు తేలి ఉన్నాయి. ఊరికి పైనున్న మైదానంలో స్నో స్కూటర్లు టార్పాలిన్లు కప్పుకుని గడ్డి మీద నిలబడి ఉన్నాయి. మా ఆయన ఒక టార్పాలిను ఎత్తి హ్యాండిలు పట్టుకుని చూశారు. పక్కన ఒక ఆవు మేస్తోంది.

"ఇదేంట్రా, మన పొలంలో పెట్టిన ట్రాక్టర్లాగుంది," అన్నారు వదిన.

అక్కడ మాట్లాడుకున్న కారు డ్రైవరు ఆ కొండల మనిషే. నా పక్కకు వచ్చి హిందీలో చెప్పాడు. "ఈసారి ఇటు మంచు పడలేదు మేడమ్. కావాలంటే సొరంగం దాటి అవతలి లోయకు పోవాలి. అక్కడ నీడ పట్టున ఉంటుంది."

"వేరే దారి లేదా?" అన్నాను.

"కనుమ మీద పాత రోడ్డుంది. చలికాలం మొత్తం మూసేస్తారు. మంచు లేకపోయినా గేటు వేసే ఉంటుంది. అక్కడి రోడ్డు అద్దంలా గడ్డకట్టి ఉంటుంది."

"ఏమంటున్నాడు?" అన్నారు మా ఆయన.

ఆ మాట తెలుగులో చెప్పాల్సింది నేనే. ఆయన చేయి ఇంకా ఆ హ్యాండిలు మీదే ఉంది.  ఉన్నదున్నట్టు చెప్పాను.

"సొరంగమా? ఎంత పొడుగో అడుగు," అన్నారు వదిన. అదీ నేనే అడిగాను. తొమ్మిది కిలోమీటర్లు అన్నాడు. అంటే మా వైపు కానూరు నుంచి దాదాపు కంకిపాడు దాకా, నెత్తిన కొండతో.

మర్నాడు పొద్దున బయల్దేరాం. సొరంగం నోరు కనబడగానే కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి తెరిచి చూస్తే లోపల బాగా లైట్లున్నాయి, రోడ్డు నున్నగా ఉంది. ఫరవాలేదులే అనిపించింది. అంతలో ముందున్న కార్ల వెనక లైట్లన్నీ ఎర్రగా వెలిగాయి. మా కారు ఆగింది. మంచు అంతా అవతలే ఉందని ఆ ఊరికొచ్చిన జనమంతా ఆ సొరంగంలోనే ఉన్నారు. పొగ వస్తోందని డ్రైవరు అద్దాలెక్కించాడు.  తలుపు తీసుకుని పరుగెత్తాలనిపించింది, కానీ ఎటు? ముందూ కార్లే, వెనకా కార్లే, పక్కన గోడ. మా ఆయన ముందు సీట్లో వీడియో తీసుకుంటున్నారు.

నా చేయి వదినగారి చేతిని ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు. ఆవిడ నా మొహంలోకి చూశారు. 

"ఏమ్మాయ్, బెంజ్ సర్కిల్లో పామర్రు బస్సెక్కాననుకో. వరసగా ఊళ్ళు చెప్పు."

"ఇప్పుడెందుకు వదినా..."

"చెప్పవే. నాకు మతిమరుపొచ్చింది."

"కానూరు," అన్నాను.  "తాడిగడప. పోరంకి."

"పోరంకిలో ఎవరున్నారు?"

"మీ చిన్నత్తగారి కూతురు."

"దాని పెళ్ళిలో మీ ఆయన పప్పుచారు గిన్నెలో కాలు పెట్టాడు. ఆ... తర్వాత?"

"పెనమలూరు. గంగూరు. ఈడుపుగల్లు."

అలా కంకిపాడు, ఉయ్యూరు దాటించారు. పామర్రు రాగానే, మళ్ళీ వెనక్కి బస్సెక్కించారు. మూడోసారి ఏ ఊరి దగ్గరున్నామో గుర్తు లేదు, కారు కదిలింది. తర్వాత ఒక్కసారిగా కళ్ళు చెదిరే వెలుతురు, అద్దం దించితే ముక్కు కోసే చల్లగాలి. గుండెల నిండా పీల్చుకున్నాను. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో ఆలోచన వచ్చింది: తిరిగి వెళ్ళడానికి ఇదొక్కటే దారి.

అవతల కూడా మంచు పలచగానే ఉంది. రోడ్డు పక్క ఒక వాలులో తాళ్ళు కట్టి, లోపల స్కూటర్లు తిప్పుతున్నారు. బురద కలిసి మంచు చెరుకు పిప్పిలా ఉంది. మా ఆయన ఎక్కారు. ఒక చుట్టు తిరగ్గానే పట్టా కింద రాళ్ళు కిర్రుమన్నాయి, ఇంజను వాసనొచ్చింది. నడిపించే అతను ఆపేశాడు. కింద నుంచి మంచు ఎగిరి తగిలితేనే ఇంజను చల్లబడుతుందట, ఎగరడానికి అక్కడ మంచు లేదు. మా ఆయన దిగి ఒళ్ళు దులుపుకున్నారు.

"గానుగెద్దు తిరిగినట్టుంది. సర్లే, అయిందనిపించాం. వెనక్కి వెళ్దామా?"

"వద్దు," అన్నాను. "ఇంకా ముందుకు వెళ్తే ఉంటుందేమో."

ఆయన ఆశ్చర్యంగా చూశారు. డ్రైవరు కొంచెం దూరంలో ఉన్న ఇంకో చోటు చెప్పాడు. అక్కడా అంతే. "ఇంకొంచెం," అన్నాను. ఆయన నా భుజం మీద చేయి వేసి, "నాకంటే నీకే ఎక్కువుందే సరదా," అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కారు ముందుకు పోయిన కొద్దీ సొరంగం దూరమవుతోంది, అంతే నాకు కావలసింది.

చివరికి ఎండ సోకని ఒక మలుపులో, కొండ వెనక, తెల్లటి మైదానం దొరికింది. అడుగేస్తే కాలు మోకాలి దాకా దిగింది. జనం పెద్దగా లేరు. తాళ్ళు లేవు. రెండు స్కూటర్లున్నాయి. నడిపించే అతను వెనక కూర్చుని హ్యాండిలు మా ఆయనకే ఇచ్చాడు. బండి ఒక్కసారి ముందుకు దూకింది. వెనక తెల్లటి తుంపర లేచింది. ఆ చివరి దాకా వెళ్ళి, వాలుగా తిరిగి, అరుస్తూ వచ్చారు. ఆ అరుపు నేను పెళ్ళైన కొత్తలో విన్నాను, మళ్ళీ అప్పుడే వినడం. వదినగారు చీర మీద అద్దె కోటు, కాళ్ళకు గమ్‌బూట్లు వేసుకుని తమ్ముడి వెనకెక్కారు. "నెమ్మదిరా, చచ్చినోడా!" అని ఆవిడ కేకలు లోయంతా వినిపించాయి.

"నువ్వూ రా," అని పిలిచారు. తల అడ్డంగా ఊపాను. అంత బయలులో, అంత ఆకాశం కింద నిలబడి కూడా నేను సొరంగంలోనే ఉన్నాను.

డ్రైవరు వాచీ చూసుకున్నాడు. "మేడమ్, బయల్దేరాలి. పొద్దువాలితే రోడ్డు జారుతుంది."

ఈసారి తెలుగులో చెప్పలేదు. కారు పక్కన మంచులో కూర్చుండిపోయాను.

"ఏమైంది?" మా ఆయన పరుగెత్తుకొచ్చారు. "కళ్ళు తిరుగుతున్నాయా?"

"నేను రాను. ఆ సొరంగంలోకి నేను రాలేను."

ముందు నవ్వారు. వేళాకోళం అనుకున్నారు. నా మొహం చూసి ఆపేశారు. అప్పుడు చెప్పాను, లిఫ్టు దగ్గర్నుంచి అన్నీ, ముక్కు తుడుచుకుంటూ. ఆయనకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, నాకే తెలియలేదు అన్ని ఉన్నాయని.

"అందుకా ముందుకు, ముందుకు అన్నావు?"

తలూపాను.

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే మీరు వచ్చేవారా?"

ఆయన గ్లౌజులు తీసి కారు మీద పెట్టారు. తనకొచ్చిన ముక్కల హిందీలో డ్రైవరును కనుమ దారి గురించి అడిగారు, నేను ముందు రోజే అడిగానని తెలియక. అతను అదే జవాబిచ్చాడు. ఎవరైనా తెలిసినవాళ్ళ ఇంట్లో రాత్రికి ఉండొచ్చా అని కూడా అడిగారు. ఉండొచ్చు గానీ, రేపు మాత్రం సొరంగం ఎక్కడికి పోతుంది?

వదినగారు వచ్చి నా ఎదురుగా నడుము పట్టుకుని వంగారు. "చూడమ్మాయ్. మోసుకుపోలేం, నువ్వు బరువు. ఇక్కడ వదిలేసీ పోలేం. నీకెలా ఉంటే భయం తక్కువో అది చెప్పు, అలాగే చేద్దాం."

అలా నన్నెవరూ అడగలేదు. ఆలోచించి చెప్పాను. ముందు సీటు కావాలి. అద్దం దించే ఉంచాలి, పొగొచ్చినా సరే. ఎవరూ వీడియోలు తీయకూడదు. జనం తగ్గే దాకా సొరంగం నోటి బయటే ఆగుదాం.

అన్నీ ఒప్పుకున్నారు. సొరంగం బయట ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. వరస పలచబడిందని డ్రైవరు వెళ్ళి చూసొచ్చాడు. లోపలికి వెళ్ళేటప్పుడు మా ఆయన వెనక సీట్లోంచి వంగి నా రెండు భుజాలూ పట్టుకున్నారు. కారు ఎక్కడా ఆగలేదు. అయినా బయటపడ్డాక కారు ఆపించి, దిగి, రోడ్డు పక్క వాంతి చేసుకున్నాను. ఆయన నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డారు.

ఆ సాయంత్రం హోటల్లో వదినగారు కాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. మా ఆయన మంచం మీద కూర్చుని ఆనాటి వీడియో పెట్టారు. నడిపించే అతని స్నేహితుడు తీసిందది. ఆయన ఒక చెయ్యెత్తి అరుస్తూ వస్తున్నారు. దూరంగా, మూలన, నీలం కోటులో నేను. బండి వైపు కాదు, మేము వచ్చిన దారి వైపు తిరిగి ఉన్నాను.

ఆయన దాన్ని మళ్ళీ మొదట్నుంచి చూశారు. ఆ మూలనే చూస్తున్నారని నాకు తెలిసింది.

"ఎవరికీ పంపలేదా?" అన్నాను. మామూలుగా అయితే ఈపాటికి సగం పామర్రు చూసేసేది.

"ఇది వద్దులే," అన్నారు. ఫోను పక్కన పెట్టి, కిటికీ తలుపు నేనడగకుండానే బార్లా తెరిచారు. చలి లోపలికొచ్చింది. వదినగారు తిట్టుకుంటూ దుప్పటి కప్పుకున్నారు.