పచ్చ దీపం మీద ప్లాస్టరు

నర్సమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను బొర్రా దారిలో ఒక స్తంభం మీద ఉన్నాను. ఒక చేతిలో తెగిన కేబుల్, ఇంకో చేతిలో ఫోను. చెప్పింది ఆమె ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్న మా ఊరి అమ్మాయి. "అన్నా, అమ్మ లేవడం లేదు. ఒళ్లు సల్లగా ఉంది" అంది. కింద రిసార్టు మేనేజరు నెట్ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నాడు. చావు కబురని చెప్పాను. అయ్యో పాపం అని, ఎలాగూ పైన ఉన్నాను కాబట్టి ఆ తీగ కలిపేసి వెళ్లమన్నాడు. ఆ కొసలను గాలికి వదిలేసి దిగాను. రెండు రోజులు వాడికి నెట్ లేదని తర్వాత తెలిసింది. సంతోషించాను.

నర్సమ్మ అన్నదే ఆమె పేరు. ఈ కొండల్లో ఆమెను సొంత పేరుతో పిలిచినవాళ్లు లేరు కాబట్టి నేనూ రాయను. పార్వతీపురం వైపు పల్లపు ఊరి మనిషి. వయసులో ఉండగా నర్సు ఉద్యోగమిచ్చి ఈ కొండల్లో పడేశారు. వచ్చిన ప్రతివాడూ ట్రాన్స్‌ఫర్ కోసం కాళ్లు పట్టుకుని దిగిపోతుంటే ఆమె దిగలేదు. రిటైరయ్యాకా దిగలేదు. అరకులో చిన్న ఇల్లు కట్టుకుని, పై ఊళ్ల నుంచి చదువుకు వచ్చే ఆడపిల్లలను తన దగ్గర ఉంచుకుంది. రాగులో, కందులో, ఇంటి దగ్గర పండింది ఏదో తెచ్చి పిల్లలు ఆమె గుమ్మంలో పెట్టేవాళ్లు. ఎవరు వచ్చినా ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కుని కానీ పలకరించేది కాదు. రోగం చెప్పుకోడానికి వచ్చారా, ఊరికే వచ్చారా అన్న తేడా లేదు. నేను కేబుల్ లాగడానికి వెళ్లినా అంతే.

నేను వెళ్లేసరికి ఇంటి ముందు కార్లు ఆగి ఉన్నాయి. బంధువులట. ఇన్నేళ్లలో వీళ్లలో ఒక్క మొహాన్ని కూడా నేను ఆ గుమ్మంలో చూడలేదు. ఆమెను అరుగు మీద చాప వేసి పడుకోబెట్టారు. పిల్లలు కాళ్ల దగ్గర కూర్చున్నారు. లోపలి గదిలో ఆమె అన్నగారి కొడుకు కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. నా భుజం మీద టూల్ బ్యాగు చూసి, వైఫై కుర్రాడివి నువ్వేనా అన్నాడు. అవునన్నాను.

"పాస్‌వర్డ్ ఏటి బాబూ?"

మేనత్త శవం గోడకి అవతల ఉంది. నేను టూల్ బ్యాగు దించి మూల పెట్టాను. అతనే లేచి అలమరలో ఉన్న డబ్బా దగ్గరకు వెళ్లాడు. పాస్‌వర్డ్ దాని మీద రాసి ఉంటుందనుకున్నాడేమో. ఆ డబ్బా ముందువైపు తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించి ఉంది, గాయానికి కట్టు కట్టాక పైన అంటిస్తారే, అది. దాన్ని గోరుతో గీకి ఊడదీసి నేల మీద పారేశాడు. దాని కింద పచ్చ దీపం.

"బాగానే పని సేత్తంది గదా. దీనికి కట్టు కట్టిందేటి మా అత్త?" అని నవ్వాడు.

ఆ కట్టు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. లేకపోతే ఆమెను గురించి రాయడానికి పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఫొటో పెద్దదిగా, ఆమె ఫొటో చిన్నదిగా వేసి ఫ్లెక్సీ కూడా కట్టారు.

ముందు పాత సంగతి ఒకటి. నేను చంటివాణ్ణిగా ఉన్నప్పుడు జరిగింది, మా అమ్మ నోట చాలాసార్లు విన్నాను. నర్సమ్మ టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని మా ఊరు ఎక్కింది. దారిలో అడ్డంగా పారే గెడ్డ పొంగి ఆలస్యమైంది. ఎక్కేసరికి పెట్టెలో ఐసు నీళ్లయిపోయింది. టీకా సీసా మీద చిన్న చదరం గుర్తు ఉంటుంది. మందు బాగుంటే తెల్లగా ఉంటుంది, వేడికి పాడైపోతే నల్లబడుతుంది. ఒక్కో సీసా తీసి చూసింది. అన్నీ నల్లబడ్డాయి. తల్లులందరూ పొద్దుటి నుంచి పనులు మానుకుని కూర్చున్నారు. పొడిచేసి వెళ్లిపోతే అడిగేవాడు లేడు. పైవాళ్లకు లెక్క కుదిరిపోతుంది, పిల్లలు ఎలాగూ ఏడుస్తారు, తల్లులు దండం పెడతారు. ఆమె సీసాలన్నీ పెట్టెలో పెట్టేసి, "ఈయేళ మందు లేదు తల్లీ. పాడైపోనాది. రేపు మళ్లీ వత్తాను" అంది. మగవాళ్లు తిట్టారట. ఆ తిట్లు తింటూ దిగి, మర్నాడు కొత్త మందుతో మళ్లీ ఎక్కింది. అప్పుడు వేసిన టీకా మచ్చ నా చేతి మీద ఇంకా ఉంది.

ఆ రోజు గురించి నేను పెద్దయ్యాక అడిగితే ఆమె పెద్దగా చెప్పలేదు. "లేదని సెప్పడం కూడా పనేరా" అంది. నేను ఎక్కడా కోర్సు చేయలేదు. ఫోనులో వీడియోలు చూసి ఈ పని నేర్చుకున్నాను. కానీ పని గురించి నాకు ఎవరైనా పాఠం చెప్పారంటే అది ఈ ఒక్క మాటే.

ఇక డబ్బా సంగతి. చదువులకు ఫోన్లు తప్పనిసరి అయినప్పుడు ఆమె పట్నం పోయి ఈ రౌటర్ కొనుక్కొచ్చింది. మామూలు రకం కాదు. పాడు సైట్లు తెరవబోతే ఎర్ర పేజీ అడ్డం వస్తుంది. తెలియని ఫోను ఏదైనా కలిస్తే చెబుతుంది. అట్ట మీద డాలు బొమ్మ, కింద ఇరవై నాలుగు గంటలూ మీ ఇంటికి కాపలా అని రాత. పిల్లల తల్లిదండ్రులకు ఆ దీపం చూపించి, నా ఇంట్లో కాపలా ఉంది, భయం లేదని చెప్పేది. నిజంగానే మొదట్లో అది బాగా పనిచేసింది. సాయంత్రం తలుపు వేసే ముందు ఒకసారి దానివైపు చూసి, పచ్చగా ఉంటే దాని నెత్తి మీద పసిపిల్లను తట్టినట్టు తట్టేది.

పోయిన ఏడాది, నాకు చావు కబురు చెప్పిన ఈ మా ఊరి అమ్మాయే నర్సింగ్ సీటు కోసం ఫోనులో వెతికింది. ఏదో కాలేజీ పేజీ వచ్చింది. ఎర్ర పేజీ అడ్డం రాలేదు కాబట్టి మంచిదే అనుకుంది. ఫొటో, ఆధార్, ఇంటివాళ్ల నంబర్లు అన్నీ ఇచ్చింది. అది దొంగ పేజీ. నాలుగు రోజులకు ఎవడో ఫోను చేశాడు. పిల్ల ఫొటోలోని మొహాన్ని తీసి ఎవరి ఒంటికో అతికించి దానికే పంపాడు. చెప్పినట్టు వినకపోతే అందరికీ పంపుతానన్నాడు. పిల్ల బెదిరిపోయి ఎవరికీ చెప్పలేదు. వాడు నిజంగానే వాళ్ల మావయ్యకు పంపాడు. తండ్రి దిగివచ్చి, ఫోను నేలకేసి కొట్టి, పిల్లను పైకి తీసుకుపోయాడు. పోలీసులకు చెప్పాం. రాసుకున్నారు. వాడి నంబరు అప్పటికే పనిచేయడం లేదు.

నర్సమ్మ నన్ను పిలిచి డబ్బా చూడమంది. పొద్దుపోయేదాకా చూశాను. నెట్ వస్తోంది. దీపం పచ్చగా ఉంది. ఎంత చెత్త పేజీ కొట్టినా తెరుచుకుంటోంది. కంపెనీకి ఫోను చేసి స్పీకర్లో పెట్టాను. పాటలు, నొక్కుళ్లు అన్నీ అయ్యాక ఒక అమ్మాయి వచ్చింది. ఆ మోడల్ ఆపేశామంది. కాపలా సర్వీసు కూడా ఆపేసి చాలా నెలలైందట. ఆ కబురు మెయిల్లో పంపారట.

"మరి దీపం పచ్చగా ఎందుకుంది?" అన్నాను.

"నెట్ వస్తోంది కదా సర్, అందుకు" అంది. వెంటనే అదే గొంతుతో, కొత్త మోడల్ లింకు పంపమంటారా అని అడిగింది.

ఆ ఫోనులోని అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఎవడో రాసిచ్చింది చదువుతోంది. ఆ రాసిచ్చినవాడి మీద నాకు రోత. చదువుతున్న మీరు ఒకసారి ఆలోచించండి. కాపలా మనిషిని పనిలోంచి తీసేసి, వాడి టోపీ మాత్రం గుమ్మంలో కర్రకు తగిలించి వెళ్లిపోయారు. టోపీ చూసి ఇంట్లోవాళ్లు నిశ్చింతగా పడుకున్నారు.

మెయిల్ ఎక్కడికి పోయిందని వెతికితే ఇంకా అసహ్యం. అమ్మిన షాపువాడు రిజిస్టర్ చేసేటప్పుడు తన సొంత మెయిలే కొట్టాడు. వాడికి ఆ కబురు ఎప్పుడో అందింది. నేను షాపుకు వెళ్లిన రోజు కూడా అద్దాల బీరువాలో అవే డబ్బాలు, అదే డాలు బొమ్మతో ఉన్నాయి. ఇది ఆగిపోయిందని తెలిసి కూడా ఎలా అమ్ముతున్నావని అడిగాను. వాడు సిగ్గుపడలేదు, తడబడలేదు. "లైటు ఎలుగుతంది గదేటి తమ్ముడూ" అన్నాడు. నేను అన్న మాటలు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు.

తిరిగొచ్చి నర్సమ్మకు అంతా చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లేచి ఆ దీపం దగ్గరకు వెళ్లింది.

"ఆగిపోనాదని ఆళ్లకి తెలుసు గదా. దీపం ఎందుకు ఆర్పలేదురా? ఆర్పేత్తే నాను సూసుకుందును గదా" అంది.

ఆమె లోపలికి పోయి ప్లాస్టరు చుట్ట తెచ్చి, పళ్లతో ఒక ముక్క కొరికి, దీపం మీద అంటించి బొటనవేలితో నొక్కింది. తర్వాత చెప్పులు వేసుకుని, "బండి తియ్యి" అంది.

ఆమె మోకాళ్లు అప్పటికే పోయాయి. బండి ఎక్కినంత దూరం ఎక్కి, అక్కణ్నుంచి నా భుజం పట్టుకుని నడిచింది. పిల్ల తండ్రి వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. తలెత్తలేదు. నీళ్లు కూడా ఇవ్వలేదు. పిల్ల తలుపు వెనక నిలబడింది. ఆ ఏడు పరీక్షలు రాయదని, మేనమామ కొడుక్కి ఇచ్చేస్తారని ఊళ్లో అప్పటికే అనుకుంటున్నారు.

నర్సమ్మ మట్టిలోనే కూర్చుంది. "నా ఇంట్లో కాపలా ఉందని నీకు సెప్పినాను. కాపలా లేదు. దీపం సూసి మోసపోనాది నాను, నీ గుంట కాదు. తిట్టాలంటే నన్ను తిట్టు" అంది.

అతను కత్తి ఆపలేదు. ఒక బద్ద చీల్చాడు, ఇంకో బద్ద చీల్చాడు. నేను ఇక లేద్దామని ఆమె చెయ్యి పట్టుకోబోయాను. అప్పుడు అన్నాడు, ఆమెవైపు చూడకుండానే:

"ఎనకటికి మందు లేదని సెప్పి ఎల్లిపోనావు. నాను తిట్టినాను. మర్నాడు మళ్లీ వచ్చినావు." ఇంకో బద్ద చీల్చి పక్కన పెట్టాడు. "ఇప్పుడూ వచ్చినావు. తీసుకుపో."

దిగేటప్పుడు పిల్ల ముందు నడిచింది. నర్సమ్మ దారి పొడుగునా దాన్ని తిడుతూనే ఉంది, ఫొటోల గురించి కాదు, మూడు రోజులుగా తల దువ్వుకోనందుకు.

తర్వాత కొత్త డబ్బా కావాలంది. కంపెనీవాళ్ల కొత్త మోడల్ వద్దన్నాను. మామూలు రౌటర్ ఒకటి తెచ్చి, చెడ్డ సైట్లను ఆపే సర్వీసు వేరేగా అందులో కలిపాను. పాతదానికి కాపలా ఉద్యోగం పోయింది కాబట్టి, లోపలి గదికి సిగ్నల్ మోసే కూలి పని ఇచ్చాను. నర్సమ్మ పక్కనే కూర్చుని ఒక్కటే అడిగింది.

"ఇది సచ్చిపోతే సెప్తాదేటి?"

"చెప్పదమ్మా" అన్నాను. "ఏదీ చెప్పదు. రోజూ మనమే చూసుకోవాలి."

"అయితే సూసుకుందాం. టీకాల ఫ్రిజ్జు సల్లగా ఉందో లేదో రోజూ సూసుకోలేదేటి."

అలా మొదలైంది ఆ అలవాటు. కాపలా ఉందో లేదో తెలుసుకోడానికి పరీక్ష పేజీ ఒకటి ఉంటుంది. తెరవబోతే ఎర్రగా అడ్డం రావాలి. ఇక్కడి కాఫీ గింజలను తనే మూకుట్లో వేయించి, దంచి, బెల్లం వేసి కాచుకుని, ఆ గ్లాసు పక్కన పెట్టుకుని కళ్లజోడు ముక్కు మీదకు లాక్కుని ఆ పేజీ నొక్కేది. ఎర్రగా రాగానే, వంటింట్లో పిల్లలకు వినబడేలా "ఉంది" అనేది. ఆ మాట వినకుండా పిల్లలు ఫోన్లు ముట్టుకునేవాళ్లు కాదు. చనిపోవడానికి ముందు రోజు పొద్దున్న కూడా అందట.

ఆ అన్నగారి కొడుకు ప్లాస్టరు ఊడదీసినప్పుడు నేను చెయ్యి చేసుకునేవాణ్నే. పిల్ల నాకంటే ముందు లోపలికి వచ్చింది. నర్సమ్మ సంచిలోంచి ప్లాస్టరు చుట్ట తీసి, పళ్లతో ముక్క కొరికి, దీపం మీద అంటించి, అంచులు నాలుగువైపులా నొక్కింది. అతను పాస్‌వర్డ్ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పరీక్షలయ్యే వరకు పిల్లలను ఆ ఇంట్లో ఉండనిస్తామన్నారు. తర్వాత ఏం చేస్తారో తెలీదు, నాకు పెద్ద నమ్మకం కూడా లేదు. ఆ ప్లాస్టరు చుట్ట మాత్రం పిల్ల నాకు ఇచ్చింది. అదే మోడల్ ఇంకా చాలా ఇళ్లలో పచ్చగా వెలుగుతోంది. వెళ్లిన చోటల్లా సంగతి చెప్పి, ఒక ముక్క అంటించి వస్తున్నాను.

దహనమైన మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లాను. బంధువులు ఇంకా లేవలేదు. నర్సమ్మ కూర్చునే చోట ఆ పిల్ల కూర్చుని ఉంది, పక్కన కాఫీ గ్లాసు, మోచేతుల దాకా తడి ఆరని చేతులు. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని నొక్కింది. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత దాని మొహం మీద ఎర్రటి వెలుగు పడింది.

"ఉంది" అంది, వంటింట్లోకి వినబడేలా.