శెట్టిగారి తలలో ఆరో సూది

కిందటేడు ఎండాకాలం. నంద్యాలలోని మా చిన్న క్లినిక్‌కి వెంకటసుబ్బయ్య శెట్టిగారిని ఆయన భార్య రమణమ్మ చేయి పట్టుకుని తీసుకొచ్చింది. ఆళ్లగడ్డలో నలభై ఏళ్లుగా బియ్యం అంగడి ఆయనది. మెదడులో సన్నటి రక్తనాళాలు పూడుకుపోయి మతిమరుపు వచ్చింది. దాన్ని వాస్క్యులర్ డిమెన్షియా అంటారు. ఒకరోజు అంగడికని బయలుదేరి చాగలమర్రి బస్సెక్కి వెళ్లిపోయాడట. అప్పటినుంచి కొడుకు గేటుకు తాళం వేస్తున్నాడు.

“ఇంట్లో కూచోబెడితే మనిషి ఎండిపోతాండాడు మేడం. మళ్లా అంగట్లో కూచుంటాడా, లేదా? అదొక్కటి చెప్పు,” అంది రమణమ్మ.

చెప్పలేనన్నాను. బీపీ మాత్రలు మానకుండా, న్యూరాలజిస్టు రాసినట్టే ఆరు వారాలు ప్రయత్నిద్దామన్నాను. ముందు తలమీది చర్మంలో సన్నటి సూదులు గుచ్చి అరగంట ఉంచుతాను. అది స్కాల్ప్ ఆక్యుపంక్చర్. అవన్నీ తీసేశాక కాయిల్ అనే అయస్కాంత పరికరాన్ని తలకు ఆనించి మెదడును తట్టి లేపుతాం. అది మాగ్నెటిక్ స్టిమ్యులేషన్. రెండూ కలిపితే ఎంత మేలో ఇంకా తేలలేదు. ఆ మాటా దాచలేదు.

శెట్టిగారికి రోజూ నేను కొత్తే. సూది చూడగానే రోజూ అదే ప్రశ్న.

“ఏందిది? బస్తాకు గుచ్చే గొట్టమా?”

బియ్యం వ్యాపారులు బస్తా విప్పకుండా ఇనుప గొట్టం గుచ్చి నాలుగు గింజలు లాగి చూస్తారు.

“అవును శెట్టిగారూ. మాల్ ఎట్లుందో చూస్తాండా.”

“పాత బియ్యం పాపా. బాగా ఒదుగుతాయి.”

నాలుగో వారంలో ఒకరోజు బయట జనం కిక్కిరిసి ఉన్నారు. గబగబా సూదులు తీసి కాయిల్ ఎత్తాను. శెట్టిగారు నా చేయి పట్టుకున్నాడు.

“ఆగు పాపా. ఆరు గుచ్చితివి, ఐదే తీస్తివి.”

“అన్నీ తీసేసినా శెట్టిగారూ.”

“నలభై ఏండ్లు బస్తాలకు గుచ్చినోన్ని. గొట్టం బస్తాలో ఇడిసిపెట్టి పోతారా ఎవరైనా?”

నాకు ఒళ్లు మండింది. మతిమరుపు మనిషి నాకు లెక్క చెప్పడమా అనుకుంటూనే ట్రేలోకి చూశాను. ఐదే ఉన్నాయి. నెరిసిన జుట్టులో వెతికితే చెవి పైన ఆరోది తగిలింది. కాయిల్ కింద లోహం ఉంటే వేడెక్కి చర్మం కాలొచ్చు. దాన్ని మెల్లగా తీసి ట్రేలో వేశాను. తప్పయిందని చేతులు జోడించాను.

పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని మనిషి అరగంట కిందటి లెక్క పట్టుకున్నాడని నాకంటే ముందు పక్కనే కూర్చున్న రమణమ్మకే తట్టింది. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది.

“నీ మతిమరుపు చల్లగుండ పాపా,” అంది.

నాకంత సంతోషం ఈ వృత్తిలో మళ్లీ కలగలేదు.

ఆయనకు తేదీలు ఇప్పటికీ తప్పుతాయి. సూదులు పనిచేశాయో, కాయిలో, రోజూ ఇల్లు కదలడమో నేను ప్రమాణం చేసి చెప్పలేను. న్యూరాలజిస్టు సరేనన్నాక కొడుకు తాళం తీశాడు. పొద్దున రెండు గంటలు భార్య పక్కన అంగట్లో కూర్చుంటున్నాడు. నేను మాత్రం అప్పటినుంచి గుచ్చేటప్పుడూ తీసేటప్పుడూ రోగితో కలిసి పైకి లెక్కపెడుతున్నాను. రోగం పేరు చూసి మనిషి మాట కొట్టిపారేయకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఈమధ్య ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు అంగడి మెట్లెక్కాను. నా పేరు ఆయనకు గుర్తు రాలేదు. చేతిలో గొట్టంతో నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు.

“ఈ పొద్దు అన్నీ తీసినావా పాపా?”