ఉప్పు గుర్రం ఆగిన ఇల్లు

అరవైల చివర పాచిపెంట కొండల్లో మశూచి టీకాలు వేసేవాణ్ణి. పక్క గూడెంలో మశూచి కనిపించడంతో, ఒక్క ఇల్లూ వదలకూడదని ఉత్తర్వు వచ్చింది. ఎక్కి తిరగడానికి గుర్రం కావలసి వచ్చింది. ఒక గూడెంలో గుర్రమూ, దాన్ని కట్టే పాకా కలిపి అమ్ముతున్నారని విని, టీకాల పెట్టెతో సహా వెళ్లాను.

అమ్మేది ఒక ముసలామె. భర్త పోయాక, గుర్రం మీద ఇంటింటికీ ఉప్పు అమ్మే వ్యాపారం మానేసిందట. "ముందు గూడెమంతా తిప్పి సూడు బాబూ," అని పగ్గం చేతికిచ్చింది.

గుర్రం మొదటి ఇంటి ముందే ఆగింది. అదిలించినా కదల్లేదు. ముసలామె వెనకే వచ్చింది.

"ఏటి బాబూ, అలా అదిలిత్తావు? ఉప్పు మోసిన గుర్రం. అదాగిన ఇంటికాడల్లా నువ్వూ దిగి పలకరించాల."

"నాకు తొందరమ్మా."

"బేగి ఎల్లాలంటే నడిసెల్లు," అని నవ్వింది.

సరేనని, అది ఆగిన ప్రతి ఇంట్లోనూ పలకరించి టీకాలు వేశాను. నా జాబితాలో ఉన్నవి పదకొండు ఇళ్లు. గుర్రం పన్నెండోసారి వెదురు పొద వెనక ఆగింది. అక్కడొక గుడిసె, గుమ్మంలో చంటిబిడ్డతో తల్లి. ఆ బిడ్డకు అంతవరకు టీకా పడలేదు.

గుర్రాన్ని పాకతో సహా తీసుకున్నాను. ఆనాటి డైరీలో పన్నెండో ఇంటి ఎదురుగా, ఇంటి యజమాని పేరు కన్నా ముందు, "గుర్రం చూపించినది" అని రాసి ఉంది.