శనివారం ఒక్కపొద్దు, ఆదివారం పరుగు

చిక్కడపల్లి సందుల్లో తెల్లవారుజామున ఎవరైనా పరుగెత్తుతున్నారంటే చూసేవాళ్లకు తోచేవి రెండే కారణాలు. బస్సు వెళ్లిపోతుండాలి, లేదంటే కుక్క వెంటపడుతుండాలి. నవత ముందు బస్సూ లేదు, వెనక కుక్కా లేదు. అందుకని పాలప్యాకెట్ల దుకాణం దగ్గర నిలబడ్డవాళ్లు ఆమె దాటిపోయాక కూడా కాసేపు సందు మొగవైపే చూసి, ఏమీ రాకపోయేసరికి పాలు తీసుకుని ఇళ్లకు పోయేవారు.

అశోక్‌నగర్‌లో మాత్రం ఆమె ఎవరికీ వింత కాలేదు. అక్కడ పోటీపరీక్షల పిల్లలు తెల్లారకముందే పుస్తకాలు పట్టుకుని చాయ్ బండ్ల చుట్టూ చేరతారు. పోలీసు ఉద్యోగాల కోసం పరుగు సాధన చేసేవాళ్లకూ కొదవ లేదు. ఒకరోజు ఒకమ్మాయి చాయ్ గ్లాసు పట్టుకునే అడిగింది, “అక్కా, మీది ఎస్సై నోటిఫికేషనా?” అని. నలభై దాటి, ఇంటర్ చదివే కూతురున్న నవత ఆ మాటకు పొంగిపోయింది. నారాయణగూడలో తను లెక్కలు చెప్పే బళ్లో ఆ రోజు కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది.

ఈ పరుగు వాన వల్ల మొదలైంది. అదే బళ్లో సైన్సు చెప్పే వీణ ఆమెను ఇందిరా పార్కుకు నడకకు లాక్కెళ్లేది. ఒక పొద్దున ఉన్నట్టుండి వాన దంచింది. ఇద్దరూ చున్నీలు నడుముకు చుట్టి గేటు దాకా పరుగెత్తారు. రేకుల కింద చేరి వీణ రొప్పుతూ తుమ్ముతూ నిలబడితే, నవతకు ఇంకా పరుగెత్తాలనిపించింది. పెళ్లయ్యాక ఆమెకు పరుగంటే పాలు పొంగితే వంటింట్లోకి, నల్లా వస్తే సంపు దగ్గరికి. ఈ పరుగు దేనికోసమూ కాదు. అదే ఆమెకు నచ్చింది.

సుల్తాన్ బజార్‌లో బేరమాడి ఇద్దరూ షూస్ కొన్నారు. మొదట్లో పార్కులో ఈ బెంచీ నుంచి ఆ బెంచీ దాకా పరుగు, మళ్లీ నడక. తర్వాత ఒక చుట్టు, ఆపైన రెండు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి, సంపు నింపాల్సిన నాడు నవతకు పరుగు లేదు. “రోజు విడిచి రోజే ఉరకాల్నట, కాళ్లకు రెస్టు కావాల్నట” అని వీణ ఎక్కడో చదివొచ్చి చెబితే నవత నవ్వింది. ఆ సంగతి నల్లాకు ముందే తెలుసు. ఆదివారం నల్లా వస్తే మాత్రం మోటారు సంగతి కూతురు రచన చూసుకునేది. ఆదివారం దూరం పరుగెత్తే రోజు.

ఇక ఆమె భర్త ఉమాకాంత్. అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక మీదట కాసేపు అలా కనిపించడు. పరుగుకు వెళ్లే రోజు నవత కుక్కర్ పొయ్యి మీద పెట్టి, మూడో విజిల్‌కు బంద్ చేయమని చెప్పిపోయేది. ఆయన పక్కింటి విజిల్‌ను కూడా కలిపి లెక్కేసి ఒకసారి పప్పు ఉడక్కుండానే బంద్ చేశాడు, ఇంకోసారి తమది కూడా పక్కింటిదే అనుకుని మాడబెట్టాడు. “ఇంత పరేషాన్ ఎందుకు? ఇంట్లనే మెట్లు ఎక్కి దిగితే కాదా?” అనేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నవత వినేది, వెళ్లేది.

ట్యాంక్‌బండ్ మీద పది కిలోమీటర్ల పరుగు ఉందని తెలిసి వీణ ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. పరుగులో ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితాలు కూడా వచ్చాయి. నవత తన నంబరును బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. ఇల్లు అలకగానే పండుగ కాదని ఆమెకు తెలుసు. అయినా బీరువా తెరిచినప్పుడల్లా ఒకసారి చేత్తో తడిమేది. నడవకుండా, ఆగకుండా ఆ పదీ పరుగెత్తాలి. ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, ఇంతకాలంలో తనకోసమని ఆమె కోరుకున్నది అదొక్కటే.

చిక్కంతా ఆదివారాలతోనే వచ్చింది. మామూలు రోజుల్లో పార్కు చుట్టూ గువ్వలా తిరిగే మనిషి, ఆదివారం లోయర్ ట్యాంక్‌బండ్ దాటి కట్ట మైసమ్మ గుడి దగ్గర ఎత్తు ఎక్కేసరికి కూలబడిపోయేది. కాళ్లు ఆమె మాట వినేవి కావు. చెమట చల్లగా పట్టేది, కళ్ల ముందు చుక్కలు కదిలేవి. వారం మారినా చోటు మాత్రం అదే. ఇద్దరూ షూస్‌ను తిట్టారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రోడ్డును తిట్టారు, ఎండను తిట్టారు, చివరకు వయసును కూడా తిట్టారు. ఇంట్లో అత్తగారు విద్యావతి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. మరుసటి ఆదివారం కోడలు మళ్లీ అక్కడే కూర్చుంది.

పరుగుకు వారం ముందరి ఆదివారం ఆటోలో ఇంటికి వచ్చింది నవత. ఆ ఆటోలోనే వీణతో అనేసింది, “నా నంబర్ ఇంకెవరికన్న ఇయ్యి వీణా. అందరి ముందట రోడ్డు మీద కూలబడుడు నాతోని కాదు.” వీణ కిటికీలేని ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక నవతకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. తన మీద తనకే కోపం.

విద్యావతి మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. నవత చేతిలో ఆ గ్లాసు వణికి నీళ్లు ఒలికాయి. అత్తగారు ఆ చేతినే చూసింది. పట్టుకుని చూసింది. మంచులా ఉంది.

“ఇది అలుపు కాదు బిడ్డా,” అందామె. “గుడిల లైన్ల నేను పడిపోయిన నాడు నాకు గిట్లనే అయ్యింది. రాత్రి ఏం తిన్నవ్?”

“ఒక్కపొద్దు కద అత్తమ్మా.”

“పొద్దుగాల?”

“స్నానం చెయ్యలే, దీపం పెట్టలే. ఎట్ల తింట?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శనివారం మధ్యాహ్నం ఒక్కపూట అన్నం. పొద్దుగూకాక పాలు, ఒక అరటిపండు. ఆదివారం తలస్నానం చేసి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లే. పెళ్లయిన నాటినుంచీ జరుగుతున్నదే కాబట్టి నవతకు అది ఆకలి అనిపించదు. ఇంట్లో ఎవరూ దాన్ని పస్తు కింద లెక్కగట్టలేదు. పిల్లలకు లెక్కలు చెప్పే నవత, సైన్సు చెప్పే వీణ, ఇద్దరూ ఇన్ని ఆదివారాలు షూస్‌ను తిట్టారే గానీ శనివారం వైపు తిరిగి చూడలేదు. దేవుడి ఖాతాలోది కడుపు ఖాతాలోకి వస్తుందని ఎవరికి తడుతుంది?

కారణం దొరికింది గానీ దారి దొరకలేదు. అది అలవాటుగా ఉంటున్న ఒక్కపొద్దు కాదు, మొక్కు. ఉమాకాంత్ పసివాడిగా ఉన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి మనిషి దక్కుతాడో లేదో అన్నట్టయింది. అప్పుడు విద్యావతి చిక్కడపల్లి వెంకన్న గుడి మెట్ల మీద కూర్చుని మొక్కుకుంది. కొడుకు బతికి బట్టకడితే, వాడున్నన్నాళ్లూ తన ఇంట్లో శనివారం ఒక్కపొద్దు తప్పదని. ఏళ్ల తరబడి ఆమే ఉంది. షుగర్ వచ్చి, గుడి వరుసలో పడిపోయాక డాక్టరు వద్దంటే, కొత్త కోడలి చేతికి తాళాలతో పాటు శనివారాన్నీ అప్పగించింది.

“ఒక్క వారం ఇడ్సిపెట్టు” అంది వీణ ఫోన్లో. నవత ఒప్పుకోలేదు. ఆ ఒక్క వారంలో ఆయనకు ఏమైనా అయితే? చదువుకున్నదానివి, నీకెందుకీ భయం అనడం తేలిక. భర్త ప్రాణానికి ముడిపెట్టిన మాట. ఆమె విప్పలేదు. నంబరు వీణకు ఇచ్చేద్దామని చీరల మధ్యనుంచి తీసి బడి సంచిలో పెట్టుకుంది.

విద్యావతి ఆ వారం బుధవారం ఒకసారి, గురువారం ఒకసారి గుడికి వెళ్లొచ్చింది. శుక్రవారం సాయంత్రం, కొడుకు షాపు నుంచి వచ్చి సోఫాలో చేరగిలబడ్డాక, వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఉమా, రేపటిసంది ఒక్కపొద్దు నువ్వుండు.”

ఆయన నవ్వాడు. తల్లి నవ్వలేదు.

“నేనా? శనివారం షాపుల రష్ ఉంటదమ్మా.”

“రష్ షాపుల ఉంటది, కడుపుల కాదు కద. నీ పానం కోసం మొక్కిన మొక్కు. నేనుంటి, నా తర్వాత ఇది ఉండె. నువ్వు ఒక్కనాడన్న ఉన్నవా? ఇంట్ల ఉండాల్నని మొక్కిన గని, కోడలే ఉండాల్నని మొక్కలే. దేవుని ముందట నిలబడి అడిగే వచ్చిన.”

దేవుడు ఏమన్నాడో ఆమె చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. నవత తలుపు దగ్గర నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. అత్తగారి మీద ఆమెకు ఎన్నోసార్లు కోపం వచ్చింది, కొన్నిసార్లు గౌరవం కలిగింది. ఆ సాయంత్రం మాత్రం ప్రేమే కలిగింది.

“చాయ్ తాగొచ్చా?” అన్నాడు ఉమాకాంత్.

“తాగు. బిస్కెట్ వద్దు.”

శనివారం ఎలా గడిచిందో ఆయన్నే అడగాలి. ఆయనకు శనివారం సాయంత్రాలంటే మిర్చి బజ్జీలు. షాపు పక్క బండి దగ్గర వేడివేడిగా పొట్లం కట్టించుకొచ్చి, టీవీ ముందు కూర్చుని, ఉల్లిపాయ ముక్కలు చల్లుకుని తినడం ఎన్నో ఏళ్ల ఆనవాయితీ. ఆ రోజు నూనె వాసనకు షాపు ముందే మూసేసి, మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. తల్లి పాలూ అరటిపండూ ముందు పెట్టింది. ఎదురుగా నవతకు వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి వడ్డించింది. నవతకు ముద్ద దిగలేదు. శనివారం పొద్దుగూకాక అన్నం ముట్టుకోవడం తప్పు చేస్తున్నట్టే ఉంది. “తిను బిడ్డా, నేను చెప్తున్న కద” అని అత్తగారు పక్కనే కూర్చుంది. రెండు ముద్దలు అలా దిగాక, మిగతాది ఆకలే తినిపించింది. ఉమాకాంత్ అరటిపండు తొక్క మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. తనదాకా వస్తే గాని తెలియదంటారు, వచ్చింది.

ఆదివారం ట్యాంక్‌బండ్ మీద జనం తిరునాళ్లలా ఉన్నారు. వీణకు ఇచ్చేద్దామనుకున్న నంబరు నవత ఛాతీ మీదే ఉంది. వీణ ముందు ఉత్సాహంగా దూసుకుపోయి, సగంలో నడక అందుకుంది. నవత తన లెక్క తప్పలేదు. పరుగు దారి కింది రోడ్డు చుట్టి వచ్చి, తిరుగు దారిలో ఆ ఎత్తు మీదుగానే పైకి ఎక్కుతుంది. గుడి దగ్గరపడుతున్న కొద్దీ ఆమెకు కాళ్ల కన్నా ముందు మనసు వణికింది. ఇక్కడే, ఇక్కడే అనుకుంటూ తల వంచుకుని ఎక్కింది. పక్కన స్కూటరు ఆపుకుని, గడ్డం కూడా గీసుకోకుండా నిలబడి ఉన్నాడు ఉమాకాంత్. స్నానమూ దీపమూ కాకుండానే వచ్చినట్టున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆమె కోసం తెచ్చిన అరటిపండు చేతిలో అలాగే ఉంది.

“ఆగకు నవతా,” అన్నాడు. “పో, పో.”

ఆమె పోయింది. గుడి వెనకబడింది, ఎత్తు వెనకబడింది, కాళ్లు ఆమె మాట వింటూనే ఉన్నాయి. అందరికన్నా వెనక వచ్చినవాళ్లలో ఒకతెగా, ఆగకుండా, నడవకుండా గీత దాటింది. దాటాక కూడా ఆగడం మరచిపోయి ఇంకొంత దూరం పరుగెత్తింది.

కాసేపటికి ఉమాకాంత్ వెతుక్కుంటూ వచ్చి ఆమె పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ సాగర్ నీళ్ల వైపు చూశారు.

“ఇన్నేండ్లు ప్రతి శనివారం గిట్లనే ఉంటుంటివా?” అన్నాడు.

“ఆఁ. అలవాటైంది.”

“నేను నీ ముందటనే కూసొని మిర్చిలు తింటుంటి కద.”

నవత నవ్వబోయింది. ఎత్తు మీద రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఆయన అరటిపండు ఒలిచి ఆమె చేతిలో పెట్టాడు. “ఇంటికి పోదాం పాండి, మీరు దీపం పెట్టి తిందురు” అని ఆమె లేచింది.

మరుసటి శనివారం సాయంత్రం ఉమాకాంత్ షాపు మూసి బండి దగ్గరికి వెళ్లి ఎప్పటిలాగే పొట్లం కట్టించాడు. ఇంటికి తెచ్చి పళ్లెంలో పెట్టి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నవత ముందుకు జరిపాడు. తను ఎదురుగా అరటిపండు పట్టుకుని, ఆమె తింటుంటే చూస్తూ కూర్చున్నాడు.