పళ్లు లేని స్టాంపు

1938 వానకాలంల నన్ను నిజామాబాద్ నుంచి బోధన్ పక్కనున్న ఒక చిన్న టపా ఆఫీసుకు సార్టరుగ వేసిండ్రు. సార్టరంటే సంచి విప్పి, ఉత్తరాలను వాడలవారీగ వేరుచేసేటోడు. నాలుగో తరగతిల బడి ఎగ్గొట్టినోనికి అది కలెక్టరు నౌకరీ లెక్క.

అక్కడ చక్కెర కార్ఖానాల మిషన్లు బిగించే ఒక యూరపు దొరకు వారం వారం వాళ్ల దేశపు పత్రిక కట్ట వచ్చేది. ఒకనాడు మా పోస్టుమాన్ ఖాజాభాయ్ చేతిలున్న ఆ కట్టను పోస్టుమాస్టరు ఆపిండు. చుట్టుకాగితం మీద రెండు స్టాంపులు. ఒకదాని అంచుకు పళ్లున్నయి, అంటే చింపుకునే చిల్లుల వరుస. రెండోది కత్తెర పెట్టినట్టు నున్నగున్నది, మీద ముద్ర కూడ లేదు. మా దిక్కు పోస్టుకార్డు మీదనే అచ్చేసి ఉండే స్టాంపుబొమ్మను కత్తిరించి స్టాంపని అంటించే దొంగతనం ఒకటుండె. నున్నటి అంచు చూస్తే మాకు అదే యాదికొచ్చేది. పైగా ఖాజాభాయ్ దొరలనడిగి ఖాళీ కవర్లు తెచ్చి, స్టాంపులు కూడబెట్టే ఒక సేటుకు ఇస్తుండె. అసలుది పీకి దీన్ని అతికిచ్చిండని మాస్టరు ఖాయం చేసిండు. శుక్రవారం ఇన్స్పెక్టరు వస్తడు, నౌకరీ పోతది.

"ఖాజాభాయ్, నీకు ముప్పై రెండు పళ్లున్నయి గద, నాలుగు దానికి పెట్టరాదూ," అన్న.

"నీకేంది తమ్మీ, నవ్వుతవు. ఇంట్ల ఆరుగురు నా మొఖమే సూస్తుండ్రు," అన్నడు.



శుక్రవారం సంచిల కొత్త పత్రిక రావాలె. ఆనాడు ఇన్స్పెక్టరు రాంగనే, సంచిని మీ ముందరే విప్పుతనని చెప్పిన. లక్క సీలున్న సంచిల నుంచే అసొంటి స్టాంపు వస్తే ఖాజాభాయ్ చెయ్యి లేనట్టే. రాకపోతే ఆయన పని ఖతం, అదీ నా సలహాతోనే.

వానకు సంచి ఆలస్యమయింది. ఇన్స్పెక్టరు సీలు చూసి విప్పమన్నడు. కార్డులు, కవర్లు, మనీఆర్డర్లు తీస్తనే ఉన్న, పత్రిక లేదు. ఖాజాభాయ్ గోడకు ఆనుకున్నడు. సంచి తిరగేసి దులిపితే అడుగున తడికి అతుక్కున్న కట్ట ఊడిపడ్డది. రెండు స్టాంపులు, ఒకదానికి పళ్లు లేవు.

దొరను పిలిపించి అడిగిండ్రు. వాళ్ల దేశంల పత్రికలకు వేరే స్టాంపట. పత్రిక అచ్చాఫీసోళ్లే వాటిని వేలకొద్ది కోసి అంటిస్తరు, పళ్ల ఖర్చెందుకని పెట్టరు. ముద్ర కూడ అన్నిటికీ పడదు. అక్కడ ఇంటికొచ్చిన పత్రికను ఆయన తల్లి అదే కాగితంల చుట్టి, పక్కన మామూలు స్టాంపు పెట్టి ఇక్కడికి పంపేది. ఖాజాభాయ్ నౌకరీ నిలబడ్డది.

రిటైరయ్యేదాక నేను ఒక పద్ధతి తప్పలేదు. వింత స్టాంపు కనబడితే సంచి విప్పిన బల్ల మీదనే మాస్టరుకు చూపించి, కాగితం మీద రాయించి, అప్పుడే పోస్టుమాన్ చేతికిచ్చేది. బల్ల దాటినంక వచ్చే అనుమానం పంచేటోని మీదనే పడతది.