నల్లబడని వంకాయ

కాయల్లో, ఆకుల్లో ఉండే వగరును కొలవడం నేను నేర్చుకున్నది బాపట్లలో, డెబ్భైల మొదట్లో, ఎమ్మెస్సీ చదివేటప్పుడు. ఆ వగరు పదార్థాల్ని ఫినాల్స్ అంటారు. కోసిన వంకాయ నల్లబడేది వాటివల్లే. ముక్కల్ని మరిగే ఆల్కహాల్లో వేసి సారం తీసి, వడగట్టి, దానికి ఒక పసుపుపచ్చ మందూ కాస్త చాకలిసోడా నీళ్ళూ కలిపితే నీలంరంగు తేలుతుంది. ఫినాల్స్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని కలరీమీటరు ముల్లు చూపిస్తుంది. రంగు తేలేదాకా గాజుగొట్టం వైపు గుడ్లప్పగించి కూర్చోవడం నాకు సినిమాకన్నా ఇష్టం. హాస్టల్ టీ, తమలపాకు, చివరికి నా గదిలో ఉండేవాడి వేపపుల్ల కూడా వదల్లేదు.

నా పిచ్చి సంగతి రేపల్లెలో ఉండే మా పెద్దమ్మ చెవిన పడింది. ఆవిడ పెరడంతా గుండ్రటి వంకాయలు కాసేది. ఆ విత్తనం ఆవిడ కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మమ్మ కొంగున కట్టి పంపిందట. "మా అమ్మ వంకాయ కోస్తే నల్లబడదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. ఆవిడ కొడుకు, అంటే మా అన్నయ్య, ఆ మొక్కలు పీకేసి తెనాలి మార్కెట్లో బాగా పోయే పొడుగు వంగ నాటాలంటాడు. తల్లీకొడుకులకి రోజూ ఇదే రభస.

సెలవుల్లో నేను వెళ్తే పెద్దమ్మ నన్ను మధ్యకి లాగింది. "నువ్వు చెప్పరా నాన్నా, ఏదో నీలంరంగు తెప్పిస్తావంటగా!"

"సరే, వాడి మిషను నీ వంకాయ వేరని చెబితే ఒక్క మొక్క కూడా ముట్టుకోను," అన్నాడు అన్నయ్య. "లేదంటే మాత్రం నువ్వు నోరెత్తకూడదు."

పెద్దమ్మ క్షణం ఆలోచించకుండా ఒప్పుకుంది. ఆవిడ ధీమా చూసి నాకే భయం వేసింది.

తరవాతి వారం అన్నయ్య ఎరువుల కోసం తెనాలి వస్తూ, బాపట్లలో ఉన్న నన్ను అక్కడి స్టేషన్‌కి రమ్మని సత్తు డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. మూత తీస్తే ఉప్పునీళ్ళలో చక్కగా తరిగిన వంకాయ ముక్కలు. నాకు కోసుకునే శ్రమ ఎందుకని పెద్దమ్మే తరిగి పంపిందట. వంటింటి గడప తొక్కిన పాపాన పోనివాణ్ణి, ఎంత ప్రేమో అని మురిసిపోయాను. అక్కడే మార్కెట్లో నాలుగు వంకాయలు కొనుక్కుని బాపట్ల బండెక్కాను.

ల్యాబులో రెండు రకాలూ ఒకే తూకం తీసుకున్నాను. తెనాలి వంకాయ గొట్టం సిరా పోసినట్టయింది. పెద్దమ్మ గొట్టంలో నీలం ఉందా లేదా అన్నట్టుంది. ఆవిడ గెలిచిందని ఎగిరి గంతేశాను. వెంటనే ఉత్తరం రాసేద్దామనుకుంటూ డబ్బా కడగబోతే, అడుగున మిగిలిన నీళ్ళు పలచటి టీలా కనిపించాయి. నా చేతులు ఊరుకోవుగా. ఆ నీళ్ళలోనూ మందు కలిపాను.

చూస్తుండగానే చిక్కటి నీలం తేలింది. ముక్కల్లో లేని వగరంతా నీళ్ళలో ఉంది!

ఆ ఆదివారమే రేపల్లె వెళ్ళి, ఏ సంగతీ చెప్పకుండా కోయని కాయలు తెచ్చుకున్నాను. ఈసారి ముల్లు తెనాలి వంకాయ దగ్గర ఆగిన చోటే ఆగింది. ఎన్నిసార్లు చేసినా అంతే. అబద్ధం చెప్పేద్దామా అని కూడా అనిపించింది. కానీ ఇంకో సందేహం నన్ను నిలవనీయలేదు. పెద్దమ్మ తన వంకాయని ఒక్కసారైనా పొడిగా కోసి చూసిందా?

మళ్ళీ వెళ్ళి, అన్నయ్య ఎదురుగానే అడిగాను. "పెద్దమ్మా, ఒక కాయ నీళ్ళలో వెయ్యకుండా కోస్తావా?"

"నీళ్ళు లేకుండా వంకాయ కోస్తారేంట్రా ఎవరైనా?" అంటూనే కత్తిపీట ముందేసుకుంది. ముక్కలు పళ్ళెంలో పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. కాసేపటికి అంచులు ఎరుపెక్కాయి. తరవాత గోధుమరంగు, ఆ తరవాత నలుపు. అందరి వంకాయలాగే. పెద్దమ్మ ఒక ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎందుకు కొలిచానురా బాబూ అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. అన్నయ్య కూడా గెలిచిన మొహం పెట్టలేకపోయాడు.

"మాట మాటే. పీకెయ్యరా," అంది కొడుకుతో.

అన్నయ్య కదల్లేదు. ఆవిడ లేచి గిన్నెలో నీళ్ళు పోసి, ఉప్పేసి, ఇంకో కాయ తీసుకుంది.

"ముక్కలు నీళ్ళలో వెయ్యడం నేర్పింది కూడా మా అమ్మేలే. అది నువ్వు పీకలేవుగా."